బ్రౌజరు ఇచ్చు జామీను

బొంబాయి ద్వీపములను కలుపు హార్న్‌బీ వెల్లార్డు అను కట్ట 1784 ప్రాంతమున పూర్తియై, పల్లపు నేలలు క్రమముగా ఆరి నివాసయోగ్యములైన పిమ్మట, నైజాము రాజ్యమునుండి రాళ్లు మోయుటకును ఇండ్లు కట్టుటకును వలసవచ్చిన తెలుగు కూలీలు కామాఠీలను పేర నచ్చట స్థిరపడుటచే ఆ పేటకు కామాఠీపురమను నామము కలిగినది. వారి వెనుక పాలమూరు కూలీలును, కరీంనగరు, నల్లగొండ ప్రాంతముల పద్మశాలీలును వచ్చి, వర్లీ, లోయర్ పరేలు మిల్లుల చుట్టునున్న చాళ్లలో ఒంటిగది ఖోలీలందు కాపురములు పెట్టిరి. ఆ ఖోలీలనుండి సొంత యూరికి నెలనెల సొమ్ము పోవు మార్గము ఒకనాడు మనియార్డరు. నేడు ఫోనును, గల్లీ మొగనున్న ఇంటర్నెట్ దుకాణమును.

మనియార్డరు నాళ్లలో సొమ్మునకు దారి చూపువారు కంటికి కనబడెడివారు: ఇటు కౌంటరులోని గుమాస్తా, అటు ఊరిలోని పోస్టుమాను. ఇంటినుండి బ్యాంకు ఖాతా నడుపుకొను నేటి పద్ధతిలో ఆ స్థానమున నిలిచినది బ్రౌజరు. అది ఎవరిని నమ్మి మన రహస్యముల నప్పగించుచున్నదో అడుగువారు అరుదు. "ఏ బ్రౌజర్ మంచిదిరా తమ్మీ?" అని చాళులోని పెద్దాయన అడుగుటయు, "గిదే వాడు కాకా, జల్ది తెర్చుకుంటది" అని కుఱ్ఱవాడు చెప్పుటయు, అంతటితో విచారణ ముగియును. వేగము మంచిదే, కాని బ్యాంకు విషయమున అది రెండవ మాట.

బ్యాంకు చిరునామా టైపు చేసిన క్షణమున బ్యాంకు యంత్రము బ్రౌజరునకు ఒక సర్టిఫికెట్టును పంపును. అందు ఆ చిరునామాయు, అందఱికి బహిరంగముగా ఈయదగిన గూఢలేఖన కీయును, ఈ రెంటిని ధ్రువపఱచిన సంస్థ చేసిన డిజిటల్ సంతకమును ఉండును. ఆ సంస్థకు మఱియొక సంస్థ, దానికి తుదకు ఒక మూలసంస్థ పూచీ పడవలెను. అట్టి మూలసంస్థల పట్టిక బ్రౌజరునందో, కంప్యూటరును నడుపు విండోసు వంటి వ్యవస్థయందో ముందే చేర్చబడి యుండును. ముక్కు మొగము తెలియని కూలీని ముకద్దము జామీనుపై సేటు పనిలో పెట్టుకొనినట్లు, బ్రౌజరు తానెన్నడును చూడని యంత్రమును మూలసంస్థ జామీనుపై బ్యాంకుగా నంగీకరించును. ఈ పరీక్ష నెగ్గిన పిదప, 1976లో డిఫీ, హెల్‌మన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిన సూత్రము ననుసరించి, దారిలో పొంచి వినువానికి సైతము అంతుపట్టని యొక రహస్యపు కీని ఉభయులును కల్పించుకొందురు. అటుపై పాస్‌వర్డును, ఖాతా సంఖ్యయు, పంపు మొత్తమును గూఢలిపిలోనే పోవును.

జామీనుదారే దారి తప్పినచో ఏమగునను సందేహము తీర్చుకొనుటకు పరదేశముల కేగ నక్కరలేదు. 2014 జులై 2వ తేదీన గూగుల్ సంస్థ, తన చిరునామాల పేర తాను కోరని సర్టిఫికెట్లు పుట్టియున్నట్లు కనిపెట్టెను. వానిని జారీచేసినది మన కేంద్రప్రభుత్వపు నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటరు క్రింది ధ్రువీకరణ విభాగము. దానికి పూచీ పడినది కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్ అను భారత ప్రభుత్వ కార్యాలయము. ఆ కార్యాలయపు మూల సర్టిఫికెట్టు మైక్రోసాఫ్టు పట్టికలో చేరియుండుటచే, విండోసు కంప్యూటరులపై ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు ఆ దొంగ సర్టిఫికెట్లను నిజమైనవిగా నెంచెడిది. నాడు ఆ పట్టికనే యాశ్రయించియున్న క్రోము, గూగుల్ సొంత చిరునామాలకు మాత్రము వేఱొక కాపుదల కలిగియుండెను. తన పట్టికను తానే నిర్వహించుకొను ఫైర్‌ఫాక్సునందు ఆ మూలసంస్థ పేరే లేకపోవుటచే దానికి ఈ యాపద తగులలేదు. మఱునాడే ఆ విభాగపు అధికారపత్రములు రద్దయ్యెను. పిమ్మట క్రోము ఆ మూలసంస్థ జామీనును ప్రభుత్వ, రిజర్వు బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ ఇండియా మున్నగు కొలదిపాటి చిరునామాలకే పరిమితము చేసెను. ఒకే గల్లీలో ఎదురెదురు ఖోలీలవారు చెఱియొక బ్రౌజరు వాడినచో ఒకరికి ప్రమాదమును మఱియొకరికి క్షేమమును కలుగుట కిది ప్రత్యక్ష నిదర్శనము. బ్రౌజరు నెన్నుకొనుట యనగా జామీనుదారుల నెన్నుకొనుటయే.

ఇక 'మా పేజీ ఫలానా బ్రౌజరులోనే తెఱచుకొనును' అను బ్యాంకుల కట్టుబాటు సంగతి. దాని విపరీత ఫలము దక్షిణ కొరియా యందు కనబడినది. బలమైన గూఢలేఖనమును అమెరికా నాడు ఎగుమతి కానీయక 40 బిట్ల బలహీనమైన కీలతో బ్రౌజరులను పైదేశములకు విడుచుచుండుటచే, కొరియా 1998లో సీడ్ అను స్వీయపద్ధతిని నిర్మించుకొని, యాక్టివ్‌ఎక్స్ అను అనుబంధముద్వారా దానిని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరునకు తగిలించెను. 2000లో అమెరికా ఆంక్షలు సడలినను, ఆ దేశపు ఖాతాదారులు చిరకాలము ఆ యొక్క బ్రౌజరునకే కట్టుబడిరి. దీనితో ముడిపడి, ఖాతాదారులు తమ గుర్తింపునకై చూపవలసివచ్చిన ప్రభుత్వామోదిత సర్టిఫికెట్టునకు గల ప్రత్యేక ప్రతిపత్తి 2020 డిసెంబరున గాని తొలగలేదు. తెరపై వచ్చిన ప్రతి అనుబంధమునకును 'సరే' యని నొక్కుట జనమునకు అలవాటై, రక్షణకై పెట్టిన నియమమే దొంగలకు దారియైనది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరునకు మైక్రోసాఫ్టు 2022 జూన్ 15న స్వస్తి చెప్పెను.

నేడు క్రోము, ఎడ్జి, ఒపెరా, బ్రేవ్ ఒకే యింజను మీద నడచునవి గనుక ఒకదానిలో తెఱచుకొను బ్యాంకు పేజీ తక్కినవానిలోను తెఱచుకొనును. ఫైర్‌ఫాక్సు, సఫారీలకు వేఱువేఱు ఇంజనులున్నను పెద్ద బ్యాంకులతో చిక్కులు స్వల్పము. అసలు చిక్కు పేరుతో కాదు, వయస్సుతో. విండోస్ 7 మీద క్రోము 109వ కూర్పుతో 2023లో ఆగిపోయినది. ఇంకను దానిని నడుపు ఇంటర్నెట్ దుకాణమున బ్యాంకు ఖాతా తెఱచుట నా దృష్టిలో అవివేకము.

డేటా పొదుపునకై చవక ఫోనులలో వాడు బ్రౌజరుల సంగతి వేఱు. ఒపెరా మినీ అత్యధిక పొదుపు పద్ధతిలో పేజీని తన సర్వరుపై విప్పి, కుదించి మనకు పంపును. కావున బ్యాంకునకును ఫోనునకును నడుమ గూఢలిపి మధ్యలో నొకచోట విడివడును. ఒకప్పుడు మనదేశమున విరివిగా వాడబడిన యూసీ బ్రౌజరు, వాడుకరుల వివరములను బయటికి పొక్కనిచ్చుచున్నదని టొరంటో విశ్వవిద్యాలయపు సిటిజెన్ ల్యాబు 2015లోనే వెల్లడించెను. 2020 జూన్ 29న భారత ప్రభుత్వము దానిని నిషేధించెను.

తాళపు గుర్తు కనబడినచో నిశ్చింతయని పలువురి నమ్మకము. ఆ గుర్తు దారి భద్రమని చెప్పునే గాని, దారి చివర నున్నది బ్యాంకో దొంగయో చెప్పదు. మోసగాడును సర్టిఫికెట్టు సంపాదింపగలడు. ఈ భ్రమ కారణముగానే క్రోము 2023లో ఆ తాళమును తొలగించినది. కావున చదువవలసినది చిరునామా, అదియు కుడివైపునుండి. 'ఎస్‌బీఐ.బ్యాంక్.ఇన్.ఫలానా.కామ్' అనునది చిన్న తెరపై సగమే కనబడి స్టేట్ బ్యాంకువలె తోచవచ్చును; మొదటి ఏటవాలు గీతకు ముందున్న తుది మాటలు 'ఫలానా.కామ్' కావున దాని యజమాని ఆ ఫలానావాడే. ఈ మాయను అరికట్టుటకే రిజర్వు బ్యాంకు, మన బ్యాంకులన్నియు 2025 అక్టోబరు 31 లోగా 'బ్యాంక్.ఇన్' చిరునామాలకు మాఱవలెనని ఆదేశించెను. వానిని నమోదు చేయు ఏకైక సంస్థ, 1996లో రిజర్వు బ్యాంకు హైదరాబాదున స్థాపించిన ఐడీఆర్‌బీటీ. సందేశములోని లింకును నొక్కక, ఆ చిరునామాను స్వయముగా టైపు చేసి బుక్‌మార్కు చేసికొనుడు.

ఇంత జాగ్రత్త పడినను సొమ్ము పోయినచో వెంటనే 1930కి ఫోను చేసి, బ్యాంకునకు తెలియజేయుడు. 2017 జులై 6 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారము, లోపము బ్యాంకుదిగాని ఖాతాదారుదిగాని కానప్పుడు, సొమ్ము పోయినట్లు బ్యాంకునుండి సమాచార మందిన మూడు పనిదినములలో ఫిర్యాదు చేసినవానికి నష్టము లేదు. పాస్‌వర్డును తానే పరులకు చెప్పినవాడు మాత్రము, ఫిర్యాదు చేయువఱకు పోయినదంతయు తానే భరింపవలెను.