రెండు పళ్లు లేని చక్రం

లంబసింగి ఘాట్‌లో మలుపు తిరుగుతుండగా బండి ఆగిపోయింది. కుదుపు లేదు, పొగ లేదు, వింత చప్పుడు లేదు. యాక్సిలరేటర్ మీద కాలు అలాగే ఉంది, ఇంజన్ మాత్రం లేదు. చక్రాల వెనక రాళ్లు పెట్టి, బానెట్ ఎత్తి, గట్టు మీద కూర్చున్నాను. అరగంట తర్వాత తాళం తిప్పితే ఒక్క దెబ్బకు స్టార్టయింది. ఇంకో ఆరు కిలోమీటర్లు ఎక్కి మళ్లీ ఆగింది.

రాజవొమ్మంగి నుంచి కృష్ణదేవిపేట మీదుగా చింతపల్లి వెళ్లే పని నాకు నెలలో రెండు మూడుసార్లు ఉంటుంది. ప్రతిసారీ ఇదే తంతు. ఊళ్లో తిరిగినంతసేపూ బండికి ఏ రోగమూ లేదు. ఘాట్ ఎక్కితేనే. ప్లగ్గులు మార్చాం, ఫిల్టర్ మార్చాం, పెట్రోల్ పంపు మార్చాం. డబ్బులు పోయాయి గానీ రోగం పోలేదు. మేస్త్రి దగ్గరున్న స్కానర్ తగిలిస్తే మా పాత బండి దానికి బదులే చెప్పలేదు. తన తప్పు తానే చెప్పుకునే ఓబీడీ పద్ధతి మన దేశంలో 2010 నుంచి దశలవారీగా తప్పనిసరి అయింది. నాది అంతకు ముందు తరం బండి.

చివరికి మేస్త్రి ఒక మాట అడిగాడు. "ఆగేటప్పుడు ఆర్పీఎం ముల్లు ఎలా పడిందండీ మాస్టారూ? మెల్లగా దిగిందా, టక్కున సున్నాకి పడిపోయిందా?"

నేను చూడలేదు. మర్నాడు కావాలనే ఘాట్ ఎక్కించాను. ఆగే క్షణం వచ్చింది. బండి గేర్లోనే ఉండి ఇంకా నాలుగు గజాలు ముందుకు దొర్లుతోంది, అంటే ఇంజన్ ఇంకా తిరుగుతోంది. ముల్లు మాత్రం అప్పటికే సున్నా మీద పడి ఉంది. "అయితే క్రాంక్ సెన్సారేనండి" అన్నాడు మేస్త్రి ఫోన్లో.

పెట్రోల్ ఇంజన్‌కి ఎప్పుడూ తెలియాల్సిన సంగతి ఒకటుంది: పిస్టన్ ఇప్పుడు ఎక్కడుంది? నిప్పురవ్వ ముందుగా పడితే పైకొస్తున్న పిస్టన్‌ని వెనక్కి తన్నుతుంది, ఆలస్యమైతే శక్తి వృథా అవుతుంది. ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంకు, ఒక్క డిగ్రీ తిరగడానికి పట్టే కాలం సెకనులో 18,000వ వంతు. ఆ లెక్క తప్పకూడదు.

ఈ సంగతి చెప్పే పని మొదట్లో ఇంజన్‌తో పాటే తిరిగే ఒక చిన్న కామ్‌ది. అది రెండు లోహపు మొనలను తెరుస్తూ మూస్తూ ఉండేది. పాయింట్లు అనే ఆ మొనలు విడిపోయిన ప్రతిసారీ కాయిల్లో కరెంటు తెగి, ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుట్టేది. అమెరికాలో డేటన్ నగరంలో చార్లెస్ కెటరింగ్ బ్యాటరీతో నడిచే ఈ పద్ధతిని 1910 ప్రాంతంలో కార్లకు పనికొచ్చేలా తీర్చిదిద్దాడు. ఆయన, ఎడ్వర్డ్ డీడ్స్ కలిసి పెట్టిన సంస్థ పేరు డేటన్ ఇంజినీరింగ్ లేబొరేటరీస్ కంపెనీ. పొట్టిగా డెల్కో. అంబాసిడర్ల కాలం నాటి మెకానిక్‌లు ఆ పాయింట్లుండే డిస్ట్రిబ్యూటర్‌ని ఇప్పటికీ డెల్కో అనే పిలవడం వెనక ఉన్న కథ ఇదే.

ఆ పాయింట్లు అరిగిపోయేవి, మాడిపోయేవి. వాటి మధ్య సందు సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. పెరిగినా తగ్గినా బండి మొరాయించేది. అయితే మూత తీసి, ఉప్పు కాగితంతో రెండు రుద్దులు రుద్ది, ఏ అట్టముక్కో పెట్టి సందు సరిచేస్తే ఘాట్ మధ్యలో కూడా జీపు కదిలేది. బానెట్ ఎత్తగానే చేతికందే చోటే ఉండేది డెల్కో.

1970లలో పాయింట్ల స్థానంలోకి ఎలక్ట్రానిక్ పద్ధతులు వచ్చాయి. 1979లో బాష్ సంస్థ మోట్రానిక్ పేరుతో నిప్పురవ్వనూ ఇంధనాన్నీ ఒకే కంప్యూటర్ చేతిలో పెట్టింది. మన దగ్గర 2000 ఏప్రిల్‌లో దేశమంతటా కొత్త ఉద్గార నిబంధనలు అమల్లోకి రాగానే కార్బురేటర్ కార్లు వెనక్కి తగ్గి, ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే ఎంపీఎఫ్‌ఐ కార్లు ముందుకొచ్చాయి. ఇంజన్‌లో ఏం జరుగుతోందో కంప్యూటర్‌కి కనిపించదు, వినిపించదు. దానికి కబురందించేవి సెన్సార్లు. వాటిలో చాలావరకు చెడిపోయినా బండి ఎలాగో అలా ఇంటికి చేరుతుంది. పిస్టన్ జాడ చెప్పే క్రాంక్ సెన్సార్ కబురు ఆగితే మాత్రం ఇంజన్ ఆగిపోయిందనే కంప్యూటర్ నమ్ముతుంది. నిప్పురవ్వ ఆపుతుంది, ఇంజెక్టర్లు మూస్తుంది, పెట్రోల్ పంపూ కట్టేస్తుంది. ఆగిన ఇంజన్‌లోకి పెట్రోల్ పోయకూడదు కాబట్టి అది చేసింది సరైన పనే. అందిన కబురే తప్పు.

క్రాంక్ సెన్సార్లలో ఒక రకం పనిచేసేది ఎడ్విన్ హాల్ 1879లో కనిపెట్టిన సూత్రం మీద. బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ విద్యార్థిగా ఉన్నప్పుడు ఆయన పల్చటి బంగారు రేకులోంచి కరెంటు పంపి, దాన్ని అయస్కాంతం మధ్య పెట్టాడు. రేకు అడ్డంగా, ఈ అంచుకూ ఆ అంచుకూ మధ్య చిన్న వోల్టేజీ కనిపించింది. ఎలక్ట్రాన్ సంగతి లోకానికి తెలియడానికి ఇంకా 18 ఏళ్లు ఉంది.

నా బండిలోది ఇంకా పాత సూత్రం, ఫారడే 1831లో చూపించింది. ఒక అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కంటే సన్నటి రాగి తీగ చుట్ట, అంతే. దీనికి బయటి నుంచి కరెంటు కూడా అక్కర్లేదు. ఎదురుగా ఫ్లైవీల్ దగ్గర పళ్ల చక్రం తిరుగుతుంటుంది. ఇనుప పన్ను దగ్గరకొచ్చినప్పుడల్లా అయస్కాంత క్షేత్రం బలపడుతుంది, దూరమైనప్పుడల్లా పలచబడుతుంది. ఆ మార్పుకే తీగలో కరెంటు పుడుతుంది. చక్రం మీద 60 పళ్లకు చోటుంది గానీ ఉన్నవి 58. రెండు కావాలనే పీకేశారు. బోసిగా ఉన్న ఆ చోటు ముందు నుంచి పోయినప్పుడల్లా అలల వరసలో ఒక ఖాళీ వస్తుంది. కంప్యూటర్‌కి అదే ఊరి పొలిమేర రాయి. అక్కడి నుంచి పన్నుకు 6 డిగ్రీల చొప్పున లెక్కపెట్టుకుంటూ పోతుంది. సంకేతం పళ్లలో కాక, పళ్లు లేని చోట ఉందన్న సంగతి నాకు ఇప్పటికీ అబ్బురమే.

మరి ఘాట్‌లోనే ఎందుకు ఆగుతుంది? రెండో గేర్లో ఇంజన్ నిండా కష్టపడుతుంటుంది, బండి నెమ్మదిగా పోతుంది కాబట్టి గాలి తగలదు. వెనక మూలనున్న సెన్సార్ ఉడికిపోతుంది. లోపల తీగ ఎక్కడో చిట్లి ఉంటే, వేడికి చుట్టూ ఉన్న ప్లాస్టిక్ వ్యాకోచించి ఆ రెండు కొనలనూ విడదీస్తుంది. చల్లారితే కొనలు మళ్లీ ఒకదాన్నొకటి తాకుతాయి. అరగంట విశ్రాంతికి బండి బాగుపడటంలోని మర్మం ఇదీ.

ఆ అరగంటలు నాకు మరో సంగతి గుర్తుచేసేవి. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయించినప్పుడు గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ మన్యం జనం చేత పని చేయించి, న్యాయమైన కూలి ఇవ్వకుండా ఎగ్గొట్టాడు. అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు దారితీసిన గొడవల్లో అదొకటి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న మా రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు వరసగా మూడు రోజుల్లో ముట్టడికి గురయ్యాయి. ఈ కొండను తవ్విన చేతుల గురించి ఆలోచించకుండా ఈ దారిన పోవడం నా వల్ల కాదు.

ఇక సెన్సార్ తీయడం. దానికున్నది ఒకే ఒక్క బోల్టు, పదో నంబరు స్పానర్ పట్టేది. చేతికి అందితే అయిదు నిమిషాల పని. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పాం, రబ్బరు గొట్టం తీశాం, అయినా కనపడలేదు. ఇంజన్‌కీ డాష్‌బోర్డు వెనక రేకుకీ మధ్య, గేర్‌బాక్సు మెడ మీద కూర్చుని ఉంది. జాకీ ఎత్తి, చెక్క దిమ్మలు పెట్టి, మేస్త్రి కిందికి దూరాడు. ఎడమ చెయ్యి మోచేతి దాకా పోతుంది. ఆ చెయ్యి పెడితే కంటికి దారి లేదు, కన్ను పెడితే చేతికి దారి లేదు. నేను పైనుంచి చిన్న అద్దం వంచి పట్టుకుంటే, సెల్‌ఫోన్ వెలుగులో ఆయన వేలికొనలతో బోల్టును వెతుక్కున్నాడు. తుప్పు వదలడానికి నూనె పోసి ఆ రాత్రికి వదిలేశాం.

తెల్లవారి రెండు ఎక్స్‌టెన్షన్లు, ఒక యూనివర్సల్ జాయింట్ కలిపి రాచెట్ తిప్పితే బోల్టు కదిలింది. సెన్సార్ కదల్లేదు. లోపలి రబ్బరు రింగు గట్టిపడి పట్టేసింది. స్క్రూడ్రైవర్‌తో ఎగదన్నితే ప్లాస్టిక్ విరిగి సగం లోపలే ఉండిపోతుంది. అందుకని అటొక వెంట్రుకవాసి, ఇటొక వెంట్రుకవాసి తిప్పుతూ పావుగంట కూర్చున్నాడు. దాని వైరు వచ్చిన దారి మళ్లీ దొరకదని, పైన వైరు చివరి ప్లగ్గుకు పురికొస కట్టి కిందికి లాగాడు. కొత్తదాన్ని అదే పురికొసతో పైకి లాగొచ్చు. బయటికొచ్చిన సెన్సార్ మొనకు ఇనుప రజను మీసాల్లా అంటుకుని ఉంది.

రోగం ఇదేనని రుజువు కావాలిగా. పసుపు రంగు మల్టీమీటర్ పెడితే చల్లగా ఉన్నప్పుడు 820 ఓములు చూపించింది, బాగున్నట్టే లెక్క. పాలిథిన్ సంచిలో చుట్టి మరిగే నీళ్లలో ముంచాం. రాగి నిరోధం డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది, కాబట్టి అంకె వెయ్యి దాటాలి. 850, 890, 930... అంతలో అంకెలు మాయమై తెర ఎడమ చివర ఒంటరిగా "1" నిలబడింది. తీగ తెగిందని ఆ మీటర్ భాష.

కొత్తది కాకినాడ నుంచి బస్సు పార్శిల్‌లో వచ్చింది. మేస్త్రి ముందు పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి మొన పొడవు కొలిచాడు. చక్రానికీ మొనకూ మధ్య సందు ఒక మిల్లీమీటరు పైచిలుకే. నకిలీ సరుకు కాస్త పొట్టిగా ఉంటే, స్టార్టింగ్‌లో ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పుట్టే బలహీనమైన కరెంటు కంప్యూటర్‌కి చాలదు. సాకెట్‌లో గ్రీజు రాసి బోల్టును అంటించుకుని, చూపు లేని ఆ సందులోకి పంపి, బిగించాడు.

ఫ్యాక్టరీలో ఇంజన్ ఇంకా స్టాండు మీద ఉండగానే ఈ సెన్సార్ బిగిస్తారు. అప్పుడది అందరికీ ఎదురుగానే ఉంటుంది. బండి కట్టే వరస చూసి దానికి చోటిచ్చారు, విప్పే వరస చూడలేదు. పాయింట్ల కాలం మళ్లీ రావాలని నేను కోరుకోను. ఆ పొగా, ఆ మొరాయింపులూ వద్దు. కానీ పదేళ్లకో పదిహేనేళ్లకో పోక తప్పని వస్తువుకి మనిషి చెయ్యి పట్టేంత దారి వదలడం ఇంజినీరింగ్‌లో భాగమేనని గట్టిగా నమ్ముతున్నాను. షోరూములకు దూరంగా ఉన్న మాలాంటి ఊళ్లలో పాత బండి ఎన్నేళ్లు బతుకుతుందో తేల్చేది ఆ దారే.

పాత సెన్సార్‌ని బడికి తీసుకెళ్లాను. దాని మొన ముందు స్పానర్‌ని వేగంగా ఆడిస్తే మీటర్లో మిల్లీవోల్టులు లేచి పడతాయి. ఎనిమిదో తరగతి పిల్లలు వంతులేసుకుని ఆడించారు. తర్వాత సంచిలో పెట్టి వేడినీళ్ల గిన్నెలో ముంచాను. ఎంత ఊపినా అంకె లేవలేదు. ఒక పిల్ల గిన్నెలోంచి దాన్ని తీసి, రెండు చేతుల మధ్య పెట్టుకుని, చల్లారేదాకా ఊదుతూ కూర్చుంది.