కొద్ది సెలవులు, కొద్ది సొమ్ము - కాబా ప్రయాణానికి ముందుచూపు

కాబా గృహాన్ని కళ్లారా చూడాలన్న కోరిక లేని ముస్లిం ఇల్లు ఉండదు. కాగా ఆ కోరిక నెరవేరకపోవడానికి మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో తరచు వినిపించే కారణాలు రెండే. ఒకటి సొమ్ము, రెండవది సెలవు. సింగరేణి గనిలో పనిచేసే సోదరుడికైనా, సర్కారు బడిలో పాఠం చెప్పే ఉపాధ్యాయుడికైనా, బీడీలు చుట్టి రూపాయి రూపాయి కూడబెట్టే తల్లికైనా ఈ రెండూ పెద్ద అడ్డంకులుగానే కనిపిస్తాయి. హజ్ స్తోమత గలవారిపైనే విధి అని దివ్య ఖుర్ఆన్ స్పష్టం చేసింది. స్తోమత లేనివారిపై భారం లేదు. అయితే ప్రణాళిక లేకపోవడాన్ని స్తోమత లేకపోవడంగా భావించరాదని మేము మనవి చేయదలచాము.

పూర్వం మన పెద్దలు బొంబాయి వెళ్లి ఓడ ఎక్కి, రోజుల తరబడి సముద్రం మీద గడిపి జిద్దా చేరేవారు. ఆ ఓడల ప్రయాణం 1995తో ఆగిపోయింది. ఇప్పుడు హైదరాబాద్ నుంచి జిద్దాకు నాలుగు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని నేరుగా వెళ్లే విమానం సుమారు ఆరు గంటల్లో దాటేస్తుంది. దూరం తగ్గింది. ఇక తగ్గించుకోవలసింది అనవసరపు ఖర్చును, వృథా అయ్యే రోజులను.

ఏ సెలవుల్లో ఏ ప్రయాణం?

హిజ్రీ సంవత్సరం ఇంగ్లీషు సంవత్సరం కంటే సుమారు 11 రోజులు చిన్నది. అందువల్ల హజ్ ఏటా అన్ని రోజులు ముందుకు జరుగుతుంది. 2026లో హజ్ మే చివరి వారంలో, 2027లో మే మధ్యలో, 2028లో మే తొలి వారంలో వస్తుంది. 2029 నాటికి ఏప్రిల్‌లోకి జరుగుతుంది. మన రాష్ట్రంలో బడులకు వేసవి సెలవులు సాధారణంగా ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 11 దాకా ఉంటాయి. అంటే ఈ కొద్ది సంవత్సరాలే హజ్ వేసవి సెలవుల మధ్యలో పడుతుంది. ఆ తరువాత ఇలాంటి అవకాశం మళ్లీ రావడానికి సుమారు ముప్పై ఏళ్లు పడుతుంది. స్తోమత గల ఉపాధ్యాయ సోదరులు, సోదరీమణులు ఈ విషయాన్ని గమనించాలి.

హజ్ కమిటీ ద్వారా వెళ్లేవారికి ప్రయాణం సాధారణంగా 40 రోజుల వరకు పడుతుంది. అన్ని రోజుల సెలవు దొరకనివారి కోసం 2026 హజ్‌కు హజ్ కమిటీ సుమారు 20 రోజుల స్వల్పకాలిక ప్యాకేజీని ప్రవేశపెట్టింది. దరఖాస్తులు హజ్‌కు చాలా నెలల ముందే ముగుస్తాయి కాబట్టి, హైదరాబాద్ నాంపల్లిలోని హజ్ హౌస్ ప్రకటనలపై కన్నేసి ఉంచాలి.

ఉమ్రా సంగతి వేరు. చాలామంది వేసవి సెలవుల్లో కుటుంబంతో ఉమ్రాకు వెళ్దామనుకుంటారు. కాని హజ్‌కు కొన్ని వారాల ముందే సౌదీ ప్రభుత్వం ఉమ్రా యాత్రికుల రాకను ఆపివేస్తుంది. 2025లో ఏప్రిల్ 13 తరువాత ఉమ్రా వీసాపై వచ్చేవారిని అనుమతించలేదు. హజ్ ముగిసిన తరువాతే మళ్లీ తలుపులు తెరుచుకుంటాయి. కనుక ఈ సంవత్సరాల్లో మే నెల ఉమ్రాకు పనికిరాదు. దసరా సెలవులే మేలు. 2025లో బడులకు దసరా సెలవులు 13 రోజులు వచ్చాయి.

రమజాన్‌లో చేసే ఉమ్రాకు హజ్‌తో సమానమైన పుణ్యం ఉందని దైవప్రవక్త (స) తెలిపారు. అయితే దానితో హజ్ విధి తీరిపోదు. పైగా ఆ నెలలో గదుల అద్దెలు, టికెట్ ధరలు మిగతా నెలలకన్నా బాగా పెరుగుతాయి. కొద్ది సొమ్ము గలవారు మామూలు నెలల్లో వెళ్లడంలో ఏ లోపమూ లేదు.

పన్నెండు రోజుల లెక్క

ఉమ్రా ఆచరణలు నాలుగే. ఇహ్రామ్, కాబా చుట్టూ ఏడు ప్రదక్షిణల తవాఫ్, సఫా మర్వాల మధ్య ఏడుసార్లు సయీ, తల వెంట్రుకలు తీయించుకోవడం. ఇవన్నీ కొద్ది గంటల్లో పూర్తవుతాయి. మిగతా రోజులన్నీ హరమ్‌లో ఆరాధనకు దొరికే భాగ్యమే.

మదీనాలో 40 నమాజులు పూర్తి చేయాలంటే ఎనిమిది రోజులు ఉండాలి. అంత సెలవు లేదని ఎందరో ప్రయాణమే మానుకుంటున్నారు. మస్జిదె నబవీలో నమాజు గొప్ప పుణ్యమే. కాని 40 నమాజుల లెక్క హజ్‌కుగాని, ఉమ్రాకుగాని షరతు కాదు.

కాబట్టి లెక్క ఇలా వేసుకోవచ్చు. రానుపోను రెండు రోజులు, మదీనాలో నాలుగు, మక్కాలో ఆరు. మొత్తం పన్నెండు. ముందుగా మదీనా వెళ్లడం సులువు. జిద్దా విమానాశ్రయం నుంచే మదీనాకు హరమైన్ వేగరైలు ఉంది. 2018లో మొదలైన ఈ రైలు గంటకు 300 కిలోమీటర్ల వేగంతో నడుస్తుంది. తిరిగి మదీనా నుంచి మక్కాకు బస్సులో వస్తే దారిలో జుల్ హులైఫా మీఖాత్ వద్ద ఆగి ఇహ్రామ్ ధరించవచ్చు. నేరుగా మక్కా వెళ్లేవారు మాత్రం విమానంలోనే, యలమ్‌లమ్ మీఖాత్ దాటకముందే ఇహ్రామ్ సంకల్పం చేసుకోవాలి. రౌజాలో నమాజుకు నుసుక్ యాప్‌లో ముందుగా అనుమతి తీసుకోవాలి. ఈ పని ఇంట్లో చదువుకున్న పిల్లలకు అప్పగించండి.

గల్ఫ్‌లో కొడుకు ఉన్న ఇళ్లు మన జిల్లాల్లో ఎన్నో. కొడుకుకు ఏడాదికో, రెండేళ్లకో దొరికేది కొద్దిపాటి సెలవే. అమ్మానాన్నలు ఇక్కడి నుంచి, కొడుకు అక్కడి నుంచి బయల్దేరి మక్కాలో కలుసుకోవచ్చు. గల్ఫ్ దేశాల్లో నివాస అనుమతి ఉన్నవారు ఏ వృత్తిలో ఉన్నా సౌదీ ఈ-వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చని 2023లో ప్రకటించారు. ముసలి తల్లి చక్రాల కుర్చీని కొడుకే నెట్టుకుంటూ తవాఫ్ చేయించడం కన్నా పెద్ద సేవ ఏముంటుంది?

సొమ్ము ఎలా కూడాలి?

మలేసియాలో పల్లె రైతులు హజ్ కోసం భూములు, పశువులు అమ్ముకుని, తిరిగొచ్చాక పేదరికంలో పడేవారు. ఉంగ్కు అజీజ్ అనే ఆర్థికవేత్త 1959లో దీనికి పరిష్కారంగా వడ్డీలేని పొదుపు పద్ధతిని సూచించారు. దాని ఫలితమే 1963లో వెలసిన తబుంగ్ హాజీ సంస్థ. మన ఇళ్లలోనూ ఈ బుద్ధి రావాలి. ఒక్కరి ఉమ్రాకు లక్ష రూపాయలు కావాలనుకుందాం. నెలకు 4,200 చొప్పున దాచితే 24 నెలల్లో అంత సొమ్ము సిద్ధమవుతుంది. వడ్డీకి అప్పు తెచ్చి ఆ పవిత్ర గృహానికి వెళ్లడం ఎంతమాత్రం తగదు. ఇంట్లో తీర్చవలసిన బాకీ ఉంటే ముందు అది తీర్చాలి.

ఖర్చు తగ్గే దారులు కొన్ని. పాస్‌పోర్టు కోసం హైదరాబాద్ పరుగెత్తనక్కరలేదు. కరీంనగర్‌లో సేవా కేంద్రం ఉంది, ఆదిలాబాద్‌లో పోస్టాఫీసు సేవా కేంద్రం ఉంది. ప్రయాణ తేదీ నాటికి పాస్‌పోర్టు గడువు ఆరు నెలలైనా మిగిలి ఉండాలి. సర్కారు ఉద్యోగులు విదేశీ ప్రయాణానికి శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. నలుగురు కలిసి ఒక గది తీసుకుంటే అద్దె నాలుగు వంతులవుతుంది. గది హరమ్‌కు దగ్గర అనే మాటతో సరిపెట్టుకోక, ఎన్ని మీటర్లో కాగితం మీద రాయించుకోండి. మధ్యలో మరో దేశంలో ఆగే విమానం టికెట్ చవకే కావచ్చు. కాని పన్నెండు రోజుల ప్రయాణంలో రాకపోకలకు ఒక్కో రోజు పోతే అది లాభమా, నష్టమా అని ఆలోచించండి. సొమ్ము కట్టిన ప్రతిసారీ రసీదు అడగండి.

హజ్‌కు వెళ్లే మన ప్రాంత యాత్రికులు మరొకటి తెలుసుకోవాలి. మక్కాలో నిజాం కాలపు రుబాత్ ఉంది. పూర్వపు హైదరాబాద్ సంస్థాన ప్రాంతాల యాత్రికులకు అందులో ఖురా తీసి ఉచిత బస కల్పించే ఆనవాయితీ ఉంది. మన జిల్లాలు ఆ సంస్థానంలోనివే.

చవక హజ్ పేరుతో ఎవరైనా సందర్శక వీసాపై తీసుకుపోతామంటే నమ్మవద్దు. 2024 హజ్‌లో మక్కాలో ఎండ 50 డిగ్రీలు దాటింది. 1,301 మంది చనిపోగా, వారిలో 83 శాతం అనుమతి లేకుండా వచ్చినవారని సౌదీ ప్రభుత్వం తెలిపింది. అనుమతి లేనివారికి చల్లని గుడారం లేదు, బస్సు లేదు. కొద్ది సొమ్ము మిగులుతుందని ప్రాణం పణంగా పెట్టడం ధర్మం కాదు.

చివరగా ఒక మాట. మన దగ్గర ప్రయాణానికి ముందు ఊరందరికీ దావత్, పూలదండలు, శంషాబాద్ దాకా నాలుగైదు జీపులు. తిరిగొచ్చాక ప్రతి ఇంటికీ జానమాజు, అత్తరు, ఖర్జూరాలు. ఈ ఖర్చు కలిపి చూస్తే కొన్ని ఇళ్లలో ఇంకొకరి టికెట్ డబ్బులకు దగ్గరగా వస్తుంది. వీటిలో ఏదీ ఇబాదత్‌లో భాగం కాదు. దావత్ మానుకుని ఆ సొమ్ముతో తల్లిని వెంట తీసుకెళ్లిన కొడుకును లోకం పిసినారి అనవచ్చు. అనుకోనివ్వండి. బంధువులకు కావలసింది మీ దుఆ. దానికి బరువూ లేదు, విమానంలో రుసుమూ లేదు.

ఈ శుక్రవారం ఇంటిల్లిపాదీ కూర్చుని కాగితం మీద మూడు సంగతులు రాయండి: ఎవరు వెళ్లాలి, ఏ సెలవుల్లో వెళ్లాలి, నెలకు ఎంత దాచాలి. సంకల్పం శుద్ధంగా ఉంటే దారి చూపేవాడు అల్లాహ్.