అప్పు చిట్టాను తుడిచెదమను వారి విషయమై రైతులు తెలిసికొనవలసినది

తొలకరి పడి విత్తనముల వేళ సమీపించినప్పుడు రైతునకు ముందుగా కావలసినది పెట్టుబడి. దానికై బ్యాంకునకు పోయినవానికి ఈ కాలమున తఱచుగా వినబడు మాట “నీ సిబిల్ బాగుగా లేదు” అనునది. ఆ మాట విని రైతు మెట్లు దిగివచ్చునప్పటికి, ఆ మెట్ల క్రిందనే గాని, చేతిలోని సెల్‌ఫోనులోనే గాని, ఇంకొకడు సిద్ధముగా నుండును. “ఇన్ని వేలిచ్చినచో నీ పాత బాకీ తుడిచివేయించెదను, స్కోరు 750 చేయించెదను, నెల తిరుగకమునుపే అప్పు పుట్టును” అని వాడు పలుకును. ఇట్టివారికి సొమ్మిచ్చి నష్టపడినవారు మన సభ్యులలోను గలరు గావున, ఈ విషయమును కొంచెము వివరముగా వ్రాయుచున్నాము.

సిబిల్ అనునది బ్యాంకు కాదు, సర్కారు కచేరీయు కాదు. 2000 సంవత్సరమున ఏర్పడిన యొక కంపెనీ. ఇట్టి కంపెనీలు మన దేశమున నాలుగు గలవు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. ఇవి 2005 నాటి చట్టమునకు లోబడి, రిజర్వు బ్యాంకు పర్యవేక్షణలో పనిచేయుచున్నవి. ఎవరికెంత అప్పిచ్చినది, ఎవరు గడువునకు కట్టినది, ఎవరు కట్టనిది, వాణిజ్య బ్యాంకులును సహకార బ్యాంకులును ఫైనాన్సు కంపెనీలును వీనికి తెలుపుచుండును. ఆ లెక్కనుబట్టి 300 మొదలు 900 వఱకు ఒక అంకె కట్టబడును. పూర్వము ఊరి షావుకారు తన మనస్సులో నుంచుకొనిన లెక్కయే యిది. షావుకారు మొగమాటమునకు లొంగెడివాడు, యంత్రము లొంగదు, అంతియే భేదము.

ఆ చిట్టాలోని లెక్క నిజమా కాదా చెప్పవలసినది అప్పిచ్చిన సంస్థయే. ఆ సంస్థ ఒప్పుకొననిదే సిబిల్ వారు సైతము బాకీ లెక్కలో ఒక్క అక్షరమైన మార్చజాలరు. అట్లుండగా బజారులోని యేజెంటు ఎట్లు మార్చగలడు? అడంగలులో పేరు తప్పు పడినచో కచేరీలో అర్జీ పెట్టుకొందుము గాని, కాఫీహోటలులో కూర్చున్నవానిచేత దిద్దించుకొనము గదా. నిజమైన బాకీని ఎవడును ఎంత సొమ్మునకును తుడువజాలడు. తప్పుగా పడినదానిని దిద్దించుకొనుటకు ఒక్క దమ్మిడీయు అక్కఱలేదు.

మఱి వీరు చేయుచున్నదేమి? కొందఱు ముందుగా సొమ్ము పుచ్చుకొని కనబడకుండ పోవుదురు. ఇది తక్కువ నష్టము. కొందఱు నిజమైన బాకీ మీదనే, రైతు పేరుతో, “ఈ అప్పు నాది కాదు” అని వరుసగా అబద్ధపు ఫిర్యాదులు పంపుదురు. విచారణ జరుగుచున్నన్నాళ్లు ఆ ఖాతా కెదురుగా వివాదమున్నట్లు గుర్తు పడవచ్చును. దానిని చూపి “చూచితివా, పని నడుచుచున్నది” అని రెండవ వాయిదా రాబట్టుదురు. చీడ పట్టిన ఆకునకు పచ్చరంగు పూసినట్లే ఇది. బాకీ నిజమేనని బ్యాంకు వ్రాసినతోడనే గుర్తు పోవును, బాకీ నిలుచును. మఱికొందఱు క్రొత్త పాన్ కార్డు తీసినచో పాత చరిత్ర అంటదందురు. ఒకరికి రెండు పాన్ కార్డులుండుట చట్టవిరుద్ధము. జరిమానా రైతుపైననే పడును. అందఱికంటె అపాయకరులు ఆధార్, పాన్ నకళ్లును, సంతకము చేసిన ఖాళీ చెక్కును, ఫోనునకు వచ్చు ఓటీపీని అడుగువారు. వీనితో రైతు పేరనే క్రొత్త అప్పు తీయవచ్చును.

మేమెఱిగిన యొక సభ్యునికి స్వంత బాకీ ఏదియు లేదు. ట్రాక్టరు అప్పు నిరాకరింపబడగా అతడు పట్టణములో ఒక యేజెంటునకు రెండు వాయిదాలుగా 9,000 రూపాయలిచ్చెను. మూడు నెలలు గడచెను, ఏరువాకయు దాటెను. పిదప నివేదిక తెప్పించి చూడగా, ఆఱేండ్ల క్రిందట బావమఱదికి జామీను నిలిచిన అప్పు గడువు మీఱి యుండెను. జామీనుదారుని చిట్టాలోను ఆ అప్పు కనబడునని అతడెఱుగడు. ఇద్దఱును కలిసి బాకీ కట్టి చెల్లుచీటి పొందిరి. ఆ తొమ్మిదివేలును మొదటనే బాకీలో వేసియుండినచో సగము తీఱెడిది.

కావున మొదట చేయవలసినది నివేదికను చూచుకొనుట. 2017 జనవరి 1 నుండి ఈ నాలుగు కంపెనీలును ఏడాదికొకమాఱు పూర్తి నివేదికను ఉచితముగా నీయవలెనని నియమము గలదు. తన నివేదికను తాను చూచుకొనినందున అంకె తగ్గదు. తాను తీయని అప్పు గాని, జామీను అప్పు గాని, తీర్చియు బాకీగా నిలిచిన అప్పు గాని ఉన్నదేమో చూడవలెను. తెలంగాణమున 2024 జూలై, ఆగస్టు నెలలలో రెండు లక్షల వఱకు పంట ఋణములు మాఫీ అయినవి. మాఫీ సొమ్ము ఖాతాలో జమపడి అప్పు తీఱియు చిట్టాలో బాకీ కనబడినచో, అదియు దిద్దింపవలసిన తప్పే.

తప్పున్నచో చెల్లుచీటి నకలు జతపఱచి బ్యాంకు శాఖకు గాని ఆ కంపెనీకి గాని ఫిర్యాదు వ్రాసి, అందినట్లు రసీదు పుచ్చుకొనవలెను. 30 దినములలో పరిష్కరింపనియెడల ఆపైన దినమునకు 100 రూపాయల చొప్పున ఫిర్యాదుదారునకు చెల్లింపవలెనని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఉత్తరువు చేసినది. అప్పటికిని న్యాయము కానిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితముగా విన్నవించుకొనవచ్చును. వివరములకు 14448 సంఖ్యకు ఫోను చేయవలెను.

బాకీ నిజమైనదే అయినచో కట్టుట తప్ప దారి లేదు. కట్టిన సంగతి ఇప్పుడు వేగముగనే చిట్టా కెక్కును; నెలకొకమాఱు పంపుచుండిన లెక్కలను 2025 జనవరి నుండి బ్యాంకులు కనీసము పక్షమునకొకమాఱు పంపవలెను. అంకె మాత్రము మెల్లగా, నెలల మీద పెరుగును. కొంత తగ్గించి రాజీపై కట్టినచో చిట్టాలో “క్లోజ్డ్” అని గాక “సెటిల్డ్” అని పడి ముందుముందు అప్పునకు అడ్డు వచ్చును. శక్తి గలవారు మొత్తము కట్టుటయే లాభము.

ఇదివఱకే ఏజెంటునకు సొమ్ము గాని ఓటీపీ గాని ఇచ్చినవారు సిగ్గుపడి దాచరాదు. వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేసి, బ్యాంకునకును తెలుపవలెను. ఎంత త్వరగా తెలిపిన, సొమ్ము చేతులు మాఱకమునుపే నిలుపుటకు అంత వీలుండును. వాని ఫోను సంఖ్యను, పంపిన సందేశములను, సొమ్ము పంపిన రసీదును తీసివేయక భద్రపఱచవలెను. పోలీసువారు మొదట అడుగునవి అవియే.