అటక మీద ఎవరున్నారో చూడకుండా మందు పెట్టకండి

పై వీడియోలో అటక మీద ముగ్గుపిండిలో పడ్డ అడుగుల గుర్తులు చూసే ఉంటారు. ఆ గుర్తులు నేను చూసి ఉండకపోతే ఒక తల్లినీ దాని పిల్లల్నీ చంపి ఉండేవాణ్ణి. వైర్లు కొరికే ఎలుకలు మాత్రం నెల తిరక్కుండా మళ్లీ వచ్చి ఉండేవి.

మాది పశ్చిమ గోదావరి డెల్టాలో పాత పెంకుటిల్లు. వెనక కొబ్బరి తోట, అందులో అంతరపంటగా కోకో. పక్క వసారాలో గానుగ పెట్టి కొబ్బరి నూనె తీసి అమ్ముతాను. అటక మీద దేశవాళీ వరి విత్తనం, ఎండు కొబ్బరి బస్తాలు, పాత గోనెలు. గానుగ మోటారుకి వెళ్లే త్రీఫేజ్ వైరు కూడా అటక మీదుగానే లాగించాను. నాలుగు డబ్బులు మిగులుతాయని సన్న ప్లాస్టిక్ ఫ్లెక్సిబుల్ పైపు వేయించాను. తప్పు అక్కడే మొదలైంది.

పోయిన సంక్రాంతికి పది రోజుల ముందు, ఆర్డర్లు బాగా ఉన్న సమయం. రాత్రిళ్లు పైన మనిషి నడిచినట్టు ధబ్ ధబ్‌మని చప్పుడు. ఒకరోజు పొద్దున్నే స్విచ్ వేస్తే మోటారు తిరగలేదు, గుర్రుమంది. ఆపేలోపే కాలిన వాసన. ఎలక్ట్రీషియన్ అటక ఎక్కి చూసి, "వైరు కొరికేశాయండి. మూడు ఫేజుల్లో ఒకటి కాలి తెగిపోయింది. మిగతా రెండింటి మీద లాగేసరికి వైండింగ్ పోయింది" అన్నాడు. తెగిన చోట పక్కనున్న గోనె అంచు నల్లగా మాడిపోయి ఉంది. అది చూశాక నాకు మోటారు సంగతి గుర్తు రాలేదు. కింద గదిలో నాన్నమ్మ, మా పాప పడుకుంటారు.

చుట్టుపక్కల అందరిదీ ఒకటే మాట: "మానుపిల్లి చేరింది, మందు పెట్టేయ్." కొందరు దీన్నే పునుగు పిల్లి అంటారు. నేనూ కోపంలో ఎలుకల మందు కొనుక్కొచ్చాను. నాన్నమ్మ చూసి, "ఏరా అబ్బాయ్, పొలంలో పురుగు మందు కొట్టనంటావు, ఇంట్లో విషం పెడతావా? పైన ఎవరున్నారో చూశావా అసలు?" అంది. డిప్లొమాలో నాకు మందుల మోతాదులు నేర్పారు గానీ ఈ ప్రశ్న వేసుకోవడం నేర్చుకోలేదు.

ముందు ఎవరో తెలుసుకోండి

ఆ రాత్రి మెయిన్ ఆపి, అటక మీద వైరు పొడవునా, కన్నాల దగ్గర ముగ్గుపిండి పల్చగా చల్లాను. పొద్దున చూస్తే వైరు వెంట అన్నీ చిన్న చిన్న పాదాలు, మధ్యలో తోక ఈడ్చిన గీత. అంటే ఎలుకలు. రెండో వైపు, విరిగిన పెంకు కింద, పిల్లి అడుగుల్లాంటివి పెద్దవి. పిల్లి అడుగులో నాలుగు వేళ్లే పడతాయి, మానుపిల్లి అడుగులో అయిదు. దాని రెట్టలో పండ్ల గింజలతో పాటు ఎలుక బొచ్చు కూడా ఉంది. మూలనున్న గోనెల్లో కళ్లు తెరిచిన పిల్లలు మూడు.

అప్పుడు అర్థమైంది. వైరు కొరికింది ఎలుకలు. వాటి ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, కొరికి అరగదీసుకోక తప్పదు. ఆ ఎలుకల్ని తింటున్నది మానుపిల్లి. ఎలుకల్ని పిలిచింది నేను: గింజలు, కొబ్బరి, పడుకోవడానికి గోనెలు, అన్నీ నేనే పెట్టాను. మందు తిన్న ఎలుకను మానుపిల్లి గానీ గుడ్లగూబ గానీ తింటే అవీ పోవచ్చు.

చప్పుడును బట్టి కూడా కొంత చెప్పొచ్చు. పగలు గీకుడు, పరుగు వినిపిస్తే ఉడుతలు. రాత్రి సన్నగా పరుగులైతే ఎలుకలు. బరువుగా అడుగులు పడితే మానుపిల్లి.

మేం చేసిన పని, వరుసగా

మానుపిల్లికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. దాన్ని చంపినా పట్టినా నేరం. అటవీ శాఖ వాళ్లకి ఫోన్ చేస్తే పిల్లలు కదిలేదాకా ఆ మూల జోలికి వెళ్లొద్దన్నారు. అలాగే వదిలేశాం.

ఈలోగా విత్తనాన్ని వేపాకు కలిపి మూత ఉన్న ఇనప డ్రమ్ముల్లోకి మార్చాను. కొబ్బరి కిందికి దించేశాను. ఎలుక రెట్టలు పొడిగా ఊడ్చకండి, ఆ దుమ్ముతో జబ్బులొస్తాయి. ఎలుక మూత్రంతో ఎలుక జ్వరం కూడా వస్తుంది. బ్లీచింగ్ నీళ్లు చల్లి, తడిశాక, గ్లౌజులు, మాస్కు వేసుకుని తీయండి.

తర్వాత బోన్లు. ఎలుకకి కొత్త వస్తువంటే అనుమానం. మూడు రోజులు బోను తలుపు పడకుండా కట్టి, లోపల కాల్చిన కొబ్బరి ముక్క పెట్టాను. నాలుగో రోజు నుంచి తలుపు వదిలాను. జిగురు అట్టలు మాత్రం పెట్టకండి. బల్లులు, పిట్టలు అంటుకుని నరకయాతన పడి చస్తాయి.

వైరింగ్ మొత్తం జీఐ పైపులోకి మార్చి, పైపుకి ఎర్తింగ్ ఇప్పించాను. మోటారుకి సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ పెట్టించాను. ఇది ముందే ఉంటే రివైండింగ్ ఖర్చు తప్పేది. ఇంటి లైన్‌కి 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించాను. ఎంసీబీ ఓవర్‌లోడ్‌కి, షార్ట్ సర్క్యూట్‌కి పడుతుంది గానీ, మనిషికి షాక్ కొట్టించే చిన్న లీకేజీకి పడదు. ఈ పనులన్నీ లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

కన్నాలు మూయడం చివరి పని. మూడు వారాలకు తల్లి పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ ముగ్గుపిండి చల్లి, రెండు రాత్రులు ఏ గుర్తూ లేదని చూసుకున్నాకే మూశాం. ఉడుతలుంటే అవి బయట తిరిగే పగటి పూట, మానుపిల్లి ఉంటే అది బయటికెళ్లాక రాత్రి పూట మూయాలి. లోపల పిల్లలుంటే అసలు మూయకూడదు. పెన్సిల్ దూరే కన్నం ఉంటే చాలు, చిట్టెలుక దూరేస్తుంది. పావు అంగుళం కళ్ల జీఐ మెష్ కొట్టించి, అంచులకు సిమెంటు పెట్టాం. కప్పు మీదకి వాలిన కొమ్మలు కొట్టేసి, ఇంటికి దగ్గరున్న కొబ్బరి చెట్ల మాను చుట్టూ మనిషి ఎత్తుకు పైన అడుగుంపావు వెడల్పు రేకు పట్టీ కట్టాం.

చాలామంది అడుగుతారు కాబట్టి చెబుతున్నా: అగ్నిఅస్త్రం చల్లి చూశాను, కలరా ఉండలు వేసి చూశాను. రెండు మూడు రోజులు తగ్గి, మళ్లీ మామూలే. తిండి, దారి ఉన్నంత కాలం వాసనకి భయపడి అవి పోవు.

ఇప్పుడు అటక నిశ్శబ్దంగా ఉంది. మానుపిల్లి మాత్రం తోటలోనే తిరుగుతోంది. కోకో కాయలు కొన్ని తింటుంది, తిననీ. ఎలుకల్ని కూడా తింటోంది కదా. విప్పని మందు ప్యాకెట్టు కొట్లో తిరిగి ఇచ్చేశాను.

ఈ వారం మీరూ ఒకసారి మెయిన్ ఆపి, టార్చి పట్టుకుని అటక ఎక్కండి. వైర్లు చూడండి, ముగ్గుపిండి చల్లండి. మీ అటక మీద ఎవరున్నారో మాకూ చెప్పండి. ఉంటానండి.