ఉమ్మడి కంప్యూటరులో సొంత పెట్టె

పూర్వము మన యిండ్లలో ప్రతి స్త్రీకిని తనదను పెట్టె యొకటి యుండెడిది. పుట్టింటివారు పెట్టిన నగ, తల్లి వ్రాసిన జాబులు, మిగిల్చుకొన్న నాలుగు రూపాయలు అందులో దాచి, తాళపుచెవిని కొంగున ముడివైచుకొనెడివారు. ఎవరైనను దానిని తెఱచిరేమోయని యనుమానము తోచినచో చీర మడత చెదరినదా, జాబుల కట్ట పైది క్రిందికి పోయినదా యని చూచుకొనెడివారు. నేడు ఆ జాబులును, ఆ లెక్కలును కంప్యూటరులోనికి చేరినవి. కంప్యూటరు మాత్రము ఇంటికంతకు నొక్కటియే.

పలాస, టెక్కలి ప్రాంతముల సోదరీమణులకు ఈ విషయము మఱింత బరువైనది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలో వ్యాపించిన ఉద్దానమును మూత్రపిండవ్యాధి యేండ్ల తరబడి పీడించుచున్నది. దానికి మూలకారణ మిదియని పరిశోధకులు నిశ్చయముగా తేల్చలేకపోయిరి. 2023 డిసెంబరు 14వ తేదీన పలాసలో మూత్రపిండవ్యాధుల పరిశోధన కేంద్రమును, 200 పడకల ఆసుపత్రియు ప్రారంభింపబడినవి. కొబ్బరితోటల నడుమ నున్న పల్లెలలో రక్తపరీక్ష క్రొత్త మాట కాదు. క్రియాటినిన్ ఎంత యున్నదో తెలుపు ఆ కాగితము ఇప్పుడు ఫైలుగా ఫోనునకు వచ్చి, అచటినుండి ఇంటి కంప్యూటరునకు చేరుచున్నది. పెండ్లికెదిగిన కూతురు గల తల్లి, ఈ మాట బయట పొక్కిన సంబంధములు వెనుకకు మరలునేమో యను భయముచే, ఆ ఫైలును దాచుకొనినచో ఆమెను తప్పుపట్టువా రెవరు? ఆ ఫైలును తనకు తెలియకుండ ఎవరో చూచిరను శంక పుట్టిననాడు ఆమెకు నిద్రపట్టునా?

అట్టి శంక కలిగినపుడు మొదట చేయవలసినది ఆ ఫైలును తెఱవకుండుట. తెఱచి చూచినచో మన జాడయే పాత జాడను కప్పివేయును. ఫైలుపై మౌసు కుడి మీటను నొక్కి ప్రాపర్టీస్ అను దానిని చూడుడు. అచట మూడు తేదీలు కనబడును: ఫైలు పుట్టిన తేదీ, మార్చిన తేదీ, చివర తాకిన తేదీ. మూడవదానిని చూచి తొందరపడరాదు. 2007లో వచ్చిన విండోస్ విస్టా మొదలుకొని, యంత్రము వేగము తగ్గకుండుటకై ఆ తేదీ వ్రాయుటను సాధారణముగా నిలిపివేసిరి. తరువాత కొన్ని యంత్రములలో మరల వ్రాయుచున్నారు. అదియునుగాక వైరసులను వెదకు సాధనము కూడ తన పనిగా ఫైలును తాకవచ్చును. ఆ తేదీనొక్కదానినే సాక్ష్యముగా పట్టుకొని ఆడుబిడ్డతో కలహించుట నాకు న్యాయముగా తోచదు.

అంతకంటె మేలైన జాడ మఱియొకటి కలదు. విండోస్ మీటను, ఆర్ అక్షరమును కలిపి నొక్కి, వచ్చిన గడిలో రీసెంట్ అను మాటను ఇంగ్లీషున వ్రాసి ఎంటర్ నొక్కినచో, ఇటీవల తెఱచిన ఫైలుల పేర్లు తేదీలతోకూడ వచ్చును. వర్డు, ఎక్సెలు మొదలగువానికి తమ తమ పట్టికలు వేఱుగా నుండును. మీరు తోటకో, జీడిపప్పు కర్మాగారమునకో పనికి పోయిన వేళకు ఎదురుగా మీ ఫైలు పేరు కనబడెనా, ఎవరో తెఱచిరనుట చాలవఱకు నిజమే. కాని తెలిసినవాడు ఆ పట్టికను తుడిచివేయగలడు. ఫైలును తెఱవక పెన్‌డ్రైవులోనికి నకలు తీసికొనిపోయినవాని పేరు అందులో చేరనే చేరదు.

అసలు చిక్కు ఇంకొకటి. ఇంటిల్లిపాదియు ఒక్క పేరుతోనే కంప్యూటరులో ప్రవేశించునపుడు, ఫైలు తెఱువబడినదని యంత్రము చెప్పగలదు గాని, తెఱచినది మామగారో, మఱదియో, ఆటకై కూర్చున్న చిన్నవాడో చెప్పజాలదు. విండోసు ప్రొఫెషనల్ తరగతిలో ఒక ఫోల్డరును ఎవరెవరు తెఱచిరో చిట్టా వ్రాయించు నేర్పాటు కలదు. అదియు మనము ఏర్పరచిన దినమునుండియే వ్రాయును. ప్రవేశించినవాని పేరునే వ్రాయును. అందఱికిని ఒక్కటే పేరైనపుడు చిట్టా పొడవగునే గాని ఫలమేమి?

కావున ఇంట ఒక్కొక్కరికి వేఱు వేఱు ప్రవేశనామములు, వేఱు పాస్‌వర్డులు ఏర్పరచుకొనవలయును. సెట్టింగులలో అకౌంట్స్ అనుచోట ఇది పావుగంట పని, పైకము అక్కఱలేదు. అప్పుడు మీ డాక్యుమెంట్సు మఱియొకరికి తెఱచుకొనవు. ఒక్క యంత్రాధికారి, అనగా అడ్మినిస్ట్రేటరు, మాత్రము తెఱవగలడు. అతడైనను దారిలో నొక హెచ్చరికను దాటి, కంటిన్యూ అని నొక్కవలసియుండును. అట్లు నొక్కినచో అతని పేరు ఆ ఫోల్డరు ప్రాపర్టీసులోని సెక్యూరిటీ పుటయందు సాధారణముగా నిలిచిపోవును. నా యెఱుకలో, చూచినవాని పేరును ఇంత తేటగా పట్టియిచ్చు జాడ ఇంటి కంప్యూటరులో మఱియొకటి లేదు. లేచి వంటయింటిలోనికి పోవునపుడు విండోస్ మీటను, ఎల్ అక్షరమును కలిపి నొక్కుట మఱవకుడు. తలుపు తీసియుంచి తాళము కొన్నందువలన లాభమేమి?

అధికారికిని చిక్కరాదనిన పరీక్షాపత్రములను సెవెన్-జిప్ అను ఉచిత సాధనముతో పాస్‌వర్డు పెట్టి మూటగట్టవచ్చును. మూటగట్టిన పిమ్మట విడిగానున్న మొదటి ప్రతిని చెత్తబుట్టనుండి కూడ తొలగింపవలయును. ఆ పాస్‌వర్డును మఱచినవారికి మూట విప్పుట దాదాపు అసాధ్యము. కనుక దానిని ఒక కాగితముపై వ్రాసి, మన పాత పెట్టెలోనే దాచుకొనుట ఉత్తమము.

న్యాయము మాటకొత్తుము. 2017 ఆగస్టు 24వ తేదీన పుట్టస్వామిగారి వ్యాజ్యములో తొమ్మండుగురు న్యాయమూర్తులు, వ్యక్తి ఏకాంతము ప్రాథమిక హక్కేయని ఏకకంఠముగా తీర్పు చెప్పిరి. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము కూడ అనుమతి లేక ఇతరుల కంప్యూటరులో ప్రవేశించుటను నిషేధించుచున్నది. కాని ఆ అనుమతి యంత్రము గలవానిది. ఇంటి యజమాని కొన్న యంత్రములో కోడలి ఫైలును చూచిన చుట్టమును కచేరికి ఈడ్చుట మాటలు కాదు. చట్టమునకు ముందు తాళమే మనకు దిక్కు.

ఇంట నింత జాగ్రత్తపడినవారు కూడ బజారులో మఱచుచుందురు. పలాసలోనో టెక్కలిలోనో నకళ్లు తీయు దుకాణమునకు పోయి రిపోర్టును వాట్సాపులో పంపినచో, అది ఆ దుకాణపు యంత్రములోని డౌన్‌లోడ్సులో మిగిలిపోవును. నకలు చేతికి రాగానే మీ యెదుటనే దానిని తీసివేయుమని అడుగుడు. సిగ్గుపడవలసిన పని లేదు. మన వాట్సాపునే అచటి కంప్యూటరులో తెఱచియున్నచో, ఫోనులో లింక్డ్ డివైసెస్ అను పుటను చూడుడు. మన ఖాతా ఏయే యంత్రములలో నిలిచియున్నదో, చివర ఎప్పుడు పనిచేసినదో అచట కనబడును. తెలియని పేరున్నచో దానిపై నొక్కి లాగౌట్ చేసినచో ఆ తలుపు అప్పుడే మూయబడును.