భదోహి బాలుని బేస్‌బాల్ జీవితము

శిఖరమునెక్కినవారి చరిత్రలను వ్రాయువారు పెక్కండ్రు గలరు. సగము త్రోవనుండి మరలివచ్చినవారి శ్రమను లెక్కించువారు అరుదు. అట్టి యొక యువకుని వృత్తాంతమును మేమిపుడు సోదరీమణుల కెఱిగింపబూనితిమి.

ఆతని పేరు రింకూసింగు. 1988వ సంవత్సరమున ఉత్తరప్రదేశమందు, తివాచీల నేతకు పేరుగన్న భదోహి ప్రాంతమున జన్మించెను. తండ్రి లారీ నడుపువాడు, సంతానము తొమ్మండుగురు. రింకూసింగు లక్నో నగరమందలి క్రీడాకళాశాలలో జేరి ఈటె విసరుటయందు నేర్పరి యయ్యెను.

2008లో జె. బి. బెర్న్‌స్టీన్ అను అమెరికావాసి, క్రికెట్టు నెఱిగిన యీ దేశమున బేస్‌బాల్ బంతి విసరగల చేయి దొరకకపోదని తలచి, ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ అను పేర నొక పోటీ నడపెను. 30,000కు మించిన యువకులు వచ్చిరి. రింకూసింగు ఎడమచేత విసరిన బంతి గంటకు 87 మైళ్ల వేగము నందుకొనెను. లక్ష డాలర్ల బహుమాన మాతనిది. అంతకుమున్ను ఆతడా యాట నెఱుగనే యెఱుగడు! వారణాసి ప్రాంతపువాడగు దినేశ్ పటేలుతో గూడ లాస్ ఏంజిలిస్ నగరమునకేగి, టామ్ హౌస్ అను గురువు కడ ఆటను, దానితోడనే ఇంగ్లీషు భాషను అభ్యసించెను. ఆ యేటి నవంబరు నెలలోనే పిట్స్‌బర్గ్ పైరేట్స్ అను గొప్ప జట్టువారు ఇరువురితోను ఒడంబడిక చేసికొనిరి.

ఈ కథను 2014లో చలనచిత్రముగ దీసిరి. చిత్రము ఆ యొడంబడికతో శుభముగ ముగియును. నిజమునకు ఆతని కష్టము మొదలైనది అచ్చటనే.

బేస్‌బాల్ క్రికెట్టునకు దాయాది వంటిది. బంతి విసరువానిని పిచ్చరందురు. ఆతడు 60 అడుగుల 6 అంగుళముల దూరమునుండి, బంతిని నేల తాకనీయక బ్యాటు పట్టినవాని వైపు విసరును. ఆట తొమ్మిది ఇన్నింగ్సులు సాగును. మొదటి పిచ్చరు అలసినప్పుడో, దెబ్బతినినప్పుడో ఆతని చోటికి వచ్చువాడు రిలీఫ్ పిచ్చరు. అంతవఱకు మైదానపు టంచున, బుల్‌పెన్ అను తావున, పిలుపునకై కనిపెట్టుకొని యుండవలెను. పిలుపు వచ్చునో రాదో, ఏ వేళ వచ్చునో తెలియదు. పెండ్లియింట కడపటి పంక్తికి అన్నము చాలదని తెలిసి, పెరటిలోని గాడిపొయ్యి కడకు పరుగున బిలిపింపబడు నిల్లాలి పని యెట్టిదో మన సోదరీమణు లెఱుగుదురు. వేళకు వండి వార్చినచో ఆమెను తలచువారుండరు; ఆలసించినచో ఎల్లరును ఆమెనే యందురు. రింకూసింగు చేపట్టిన పనియు నట్టిదే.

పెద్ద జట్లు ఆడు మేజర్ లీగునకు క్రింద మైనర్ లీగు లను మెట్లు పెక్కులు గలవు. 2009 జులై 4వ తేదీన రింకూసింగు అట్టడుగు మెట్టున తొలియాట నాడెను. అదే నెల 13వ తేదీన గెలుపు పద్దున ఆతని పేరెక్కెను. అమెరికా వృత్తి బేస్‌బాలున నట్టి గెలుపు గాంచిన తొలి భారత పౌరుడాతడే. 2010లో దినేశ్ పటేలును జట్టువారు విడిచిపుచ్చగా, ఆతడు స్వదేశమునకు మరలెను. రింకూసింగు మాత్రము నిలిచెను. పెన్సిల్వేనియాలోని స్టేట్ కాలేజి, డొమినికన్ దేశము, పశ్చిమ వర్జీనియా, ఆస్ట్రేలియా: పంపిన చోటికెల్ల బోయి ఆడెను. 2012లో పశ్చిమ వర్జీనియా జట్టున 39 ఆటలలో 72 ఇన్నింగ్సులు విసరి, 65 మందిని స్ట్రయికవుటు చేసెను. ప్రతి తొమ్మిది ఇన్నింగ్సులకు ఆతడిచ్చిన పరుగులు సగటున మూడు. ఆట నెఱిగి సుమారు నాలుగేండ్లే యైనవానికి ఇది స్వల్పమైన సిద్ధి కాదు. అయినను మేజర్ లీగు ఇంకను నాలుగు మెట్లు పైననే యుండెను.

ఈ క్రింది మెట్ల జీవనము సుఖమైనది కాదు. రాత్రులు బస్సులలో ప్రయాణము. ఆ దినములలో ఆటల ఋతువున దప్ప జీతము లేకుండెను. 2022లో ఆ మెట్టున నున్న యాటగానికి ఏటికి వచ్చునది సుమారు 11,000 డాలర్లు. ఆటగాండ్రు సంఘముగ గూడిన పిదప, 2023 నాటి యొడంబడికచే నది 26,200 డాలర్లయ్యెను. రింకూసింగు ఆడిన దినములకు ఈ మేలు అందలేదు.

ఇంతలో మోచేయి మొరాయించెను. వేగముగ విసరు చేతికి మోచేతి లోపలి బంధనము తెగుట ఈ వృత్తికి బెడద. శరీరమున వేఱొక చోటి స్నాయువును దెచ్చి యచట నదుకు శస్త్రచికిత్సను డాక్టరు ఫ్రాంక్ జోబ్ 1974లో టామీ జాన్ అను పిచ్చరునకు మొదట చేసెను. కోలుకొనుటకు ఏడాదియో అంతకు మించియో పట్టును. రింకూసింగునకును ఆ చికిత్స జరిగెను. 2012 తరువాత ఆతడు అమెరికా లీగు పోటీలలో మఱి విసరలేదు. దేశదేశముల ప్రజలు తెరపై ఆతని విజయమును జూచి కరతాళములు చేయునప్పటికి, ఆతడు నొచ్చిన చేతితో వైద్యుల సాయమున నభ్యాసము చేయుచుండెను. 2018లో బేస్‌బాలును విడిచి, అమెరికాలోని డబ్ల్యూడబ్ల్యూఇ అను కుస్తీ ప్రదర్శనల సంస్థలో జేరెను.

ఆతని శ్రమ వ్యర్థమయ్యెనా? కాలేదనియే మా యభిప్రాయము. ఎఱుగని యాటను, ఎఱుగని భాషను నేర్చి, పిలిచిన ప్రతిమాఱును లేచి నిలిచినవాని జీవితము శిఖరము నందకున్నను నిండైనదే. మన యిండ్లనుండియు బిడ్డలు పరీక్షలకును, పరదేశములకును పోవుచున్నారు. అందఱును మొదటివారు కాజాలరు. అట్టి బిడ్డ యలసి యిల్లు చేరిననాడు, “ఎంత యెత్తునకు బోయితివి?” అని యడుగుటకు మున్ను, “ఎన్నాళ్లు నిలిచితివి, ఏమి నేర్చితివి?” యని యడుగు తల్లి వానికి మఱుసటి పనికి వలసిన బలము నిచ్చినదగును.