సీసా మీది ఇంగ్లీషు

ఇంగ్లీషు రాదని దిగులుపడే మనం బస్సు, టిక్కెట్టు, లైటు అని రోజూ అంటూనే ఉన్నాం. చెవికి తెలిసిన భాషే, కంటికే కొత్త. అందులో మందుసీసా మీది మాటలు మాత్రం తప్పక నేర్చుకోవాలి.

పొదిలిలో మా పక్కింటి పిన్నిగారు ఓసారి మోకాళ్ళకు రాసుకునే మందును దగ్గుమందనుకుని చెంచాలో పోసుకున్నారు. మనవరాలు చూసింది కాబట్టి సరిపోయింది! దానిమీద ‘ఫర్ ఎక్స్‌టర్నల్ యూజ్ ఓన్లీ’ అని ఉంది. అంటే పైపూతకే, లోపలికి తాగరాదని. ‘షేక్ వెల్’ అంటే బాగా కుదపమని. కుదపకపోతే మందంతా అడుగున పేరుకుని, పైపైన పలచటి నీళ్ళే పడతాయి.

‘టీస్పూన్’ అంటే 5 మిల్లీలీటర్లు, ‘టేబుల్‌స్పూన్’ 15. ఒక్క మాట పొరబడితే పసివాడికి మూడింతల మందు! ఇంట్లో చెంచాలు నమ్మకండి, సీసాతో వచ్చే కొలతమూతే వాడండి.

‘ఎక్స్‌పైరీ’ అంటే గడువు. మందుమీద నెల, సంవత్సరం మాత్రమే వేస్తే ఆ నెలాఖరుదాకా వాడవచ్చు. బిస్కెట్ల పొట్లం మీది ‘బెస్ట్ బిఫోర్’ వేరు, అది రుచి, నాణ్యతల సంగతి.

ఇక డాక్టరుగారి చీటీలో ‘బి.డి.’ అంటే రోజుకు రెండుసార్లు, ‘టి.డి.ఎస్.’ అంటే మూడుసార్లు. ఇవి ఇంగ్లీషు కూడా కాదు, లాటిన్ మాటల పొట్టిరూపాలు. కాలేజీకెళ్ళే ఆ మనవరాలికీ తెలియలేదు!